అప్పు మీద అప్పు పెట్టకుండా పేద కుటుంబాలను నిలబెట్టే పని ఊళ్లో ఎలా చేయాలి?

ప్రశ్న: దేవరకొండ టీచర్

నమస్కారం. దేవరకొండ డివిజన్‌లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. మా బడిలో చదువుకొని ఇప్పుడు హైదరాబాద్‌లోనూ విదేశాల్లోనూ స్థిరపడిన పూర్వ విద్యార్థులు కొందరు ఈ ఊరి పేద కుటుంబాల కోసం ఏటా ఆరేడు లక్షల రూపాయలు సమకూరుస్తామని ముందుకు వచ్చారు. ఊరి ముందర కమాను కట్టించడం, వాటర్ ప్లాంటు పెట్టించడం వంటి పనులు ఇదివరకే ఇతరులు చేశారు కాబట్టి, ఈ సొమ్ముతో కొన్ని కుటుంబాలైనా అప్పుల బాధ నుంచి తేరుకొని నాలుగు పైసలు వెనకేసుకునే స్థితికి రావాలన్నది వాళ్ల కోరిక. పథకం రాసిపెట్టే బాధ్యత నాకు అప్పగించారు. రాయబోయే ముందు ఈ పనిలో చేయి తిరిగినవారి మాట వినడం మంచిదని ఇక్కడ అడుగుతున్నాను.

సమస్య ఎలా ఉంటుందో ఒక కుటుంబాన్ని బట్టి చెబుతాను. భర్త హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోతాడు, భార్య ఊళ్లోనే ఉండి నాట్లకు, పత్తి ఏరడానికి కూలికి వెళ్తుంది. ఎకరంన్నర చెలక ఉంది. ఈ మధ్య బిడ్డ బోనఫైడ్ కోసం బడికి వచ్చినప్పుడు ఆమె ఆధార్ కార్డు వెతుకుతూ ఒక పాలిథిన్ కవరు విప్పింది. అందులోంచి మహిళా సంఘం పాసు పుస్తకం, రెండు వేర్వేరు మైక్రోఫైనాన్స్ కంపెనీల కిస్తీ కార్డులు, పుస్తెలతాడు కుదువపెట్టిన రసీదు ఒకదాని వెనుక ఒకటి బయటపడ్డాయి. ఇవి కాక షావుకారు దగ్గర నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన యాభై వేలు ఉన్నాయని, వాటికి మాత్రం తన దగ్గర కాగితమేమీ లేదని చెప్పింది. ఇన్ని అప్పులకు కారణం ఏమిటని అడిగితే ఒక్కటంటూ దొరకలేదు. ఒక ఏడాది బోరు ఎండింది, మరో ఏడాది అత్తకు ఆపరేషన్ అయింది, ఆ తర్వాత ఒక చోట కిస్తీ కట్టడానికి ఇంకో చోట తెచ్చారు. భర్త తాగుబోతు కాడు, ఇద్దరిలో ఎవరూ కష్టానికి వెనుకాడేవారు కారు.

మా పూర్వ విద్యార్థుల్లో కొందరు తక్కువ వడ్డీకి మనమే అప్పు ఇద్దామంటున్నారు, కొందరు ఇంటికో జత మేకలో గేదెనో కొనిద్దామంటున్నారు. ఊళ్లో ఇప్పటికే మహిళా సంఘాలు ఉన్నాయి కదా, వాటి ద్వారా వెళ్లడం మంచిదా, లేక ఆ రాజకీయాల జోలికి పోకుండా వేరుగా ఒక కమిటీ పెట్టుకోవడం మంచిదా అన్నది తేలడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: మిర్యాలగూడ, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

టీచర్ గారికి నమస్కారం. నా ఉద్యోగ జీవితం చాలావరకు గ్రామీణ శాఖల్లోనే గడిచింది కాబట్టి లెక్క వైపు నుంచి చెబుతాను. మీరు చెప్పిన ఇంటికి ముందు చేయవలసింది ఉన్న ఐదు అప్పులను మిత్తి భారాన్ని బట్టి వరుసగా రాసి, పైనున్నదాన్ని కిందనున్నదానితో తీర్చడం. ఆరో అప్పు ఎంత చవకగా ఇచ్చినా, ఈ వరుస మారకపోతే ఆ డబ్బు కూడా పాత కిస్తీలకే పోతుంది.

నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. యాభై వేలకు నెలకు పదిహేను వందలు, ఏడాదికి పద్దెనిమిది వేలు కట్టినా అసలు ఒక్క రూపాయి తగ్గదు. అదే మొత్తాన్ని సంఘం తన సొంత పొదుపు నుంచి రూపాయి మిత్తికి ఇచ్చినా ఏడాదికి ఆరు వేలు దాటదు. బ్యాంకు లింకేజీ అప్పు అయితే ఇంకా నయం. జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ కింద మహిళా సంఘానికి మూడు లక్షల రూపాయల వరకు ఇచ్చే అప్పుపై బ్యాంకు 7 శాతానికి మించి వసూలు చేయకూడదు. సకాలంలో కట్టిన సంఘాలకు ఆ వడ్డీని రాష్ట్ర ప్రభుత్వం తిరిగి ఇచ్చే ‘వడ్డీ లేని రుణాల’ పథకం కూడా ఉంది. అయితే ఆ తిరిగి వచ్చే సొమ్ము ఏళ్ల తరబడి ఆగిపోయిన కాలం మన రాష్ట్రంలో ఉంది గనుక దాన్ని చేతిలో ఉన్నట్టు లెక్కలో వేసుకోకండి.

మైక్రోఫైనాన్స్ కార్డుల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. కొన్నిచోట్ల ఏజెంట్లు నోటి మాటగా ‘ఫ్లాట్’ వడ్డీ చెబుతారు. యాభై వేలు రెండేళ్లకు 12 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ పన్నెండు వేలు, మొత్తం అరవై రెండు వేలు, 24 నెలసరి కిస్తీల్లో కట్టాలి. వినడానికి రూపాయి మిత్తిలా ఉంటుంది. కానీ నెలనెలా అసలు తగ్గుతూ ఉన్నా వడ్డీ మాత్రం మొదటి యాభై వేల మీదే లెక్కకట్టారు కాబట్టి అసలు రేటు ఏడాదికి సుమారు 21 నుంచి 22 శాతం అవుతుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అసలు వార్షిక రేటును రాసిన ఒక వివరాల పత్రాన్ని అప్పు తీసుకున్నవారికి ఇచ్చి తీరాలి. ఆమె కవరులో ఆ పత్రం ఉందేమో ఒకసారి చూడండి.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ నిబంధనల్లో మీ పనికి వచ్చేవి మరికొన్ని ఉన్నాయి. ఏడాదికి మూడు లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పును సూక్ష్మ రుణంగా లెక్కిస్తారు. ఆ కుటుంబం అన్ని అప్పులకూ కలిపి కట్టే నెలసరి కిస్తీలు నెలసరి ఆదాయంలో సగానికి మించకూడదు. ఆమె విషయంలో ఈ హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. షావుకారు అప్పు ఏ రికార్డులోనూ కనిపించదు కాబట్టి కంపెనీలకు అది తెలియదు, తెలిసినా పట్టించుకున్నట్టు లేదు. ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదన్నది ఇంకో నిబంధన, మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. వసూలు కోసం ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 గంటల తర్వాత రాకూడదు, దుర్భాషలాడకూడదు. ముందుగా కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. 2010 నాటి మైక్రోఫైనాన్స్ సంక్షోభం తర్వాత సూక్ష్మ రుణ సంస్థలను కట్టడి చేస్తూ 2011లో ఉమ్మడి రాష్ట్రం చేసిన చట్టాన్ని ఇప్పటికీ కొందరు గుర్తు చేస్తుంటారు. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన కంపెనీలకు అది వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తేల్చింది కనుక దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మీ మిత్రులు సొంతంగా అప్పులివ్వడం, అంతకన్నా ముఖ్యంగా ఊళ్లోవాళ్ల పొదుపు తమ దగ్గర జమ చేసుకోవడం మంచిది కాదు. ఎంత సదుద్దేశంతో చేసినా, అనుమతి లేకుండా జనం నుంచి డిపాజిట్లు సేకరించడాన్ని 2019 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. స్వయం సహాయక సంఘాల సభ్యులు తమలో తాము కట్టుకునే పొదుపుకు అందులో మినహాయింపు ఉంది. మీ డబ్బు వెళ్లవలసిన చోటు ఏదో దీన్నిబట్టే తెలుస్తుంది.

జవాబు: నారాయణపేట జిల్లా, వీవోఏ

సార్, నమస్తే. ఊళ్లోని మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘానికి నేను వీవోఏగా, అంటే సహాయకురాలిగా పనిచేస్తున్నాను, సంఘాల పుస్తకాలు నేనే రాస్తాను. పైన బ్యాంకు సార్ గారు చెప్పిన లెక్కలన్నీ నిజమే. కానీ సంఘం ద్వారా వెళ్తే అన్నీ సర్దుకుంటాయని అనుకోకండి. లోపల ఏం జరుగుతుందో కూడా తెలిసి వెళ్లాలి.

పది మంది ఉన్న సంఘానికి బ్యాంకు మూడు లక్షలిస్తే తలా ముప్పై వేలు సమానంగా పంచుకోవడం మన దగ్గర అలవాటైపోయింది. ఎవరి అవసరం ఎంతో రాసుకొని దాని ప్రకారం పంచుకోవాలని సూక్ష్మ రుణ ప్రణాళిక ఫారమే ఉంది. ఆ ఫారం నింపుతాము, పంచేటప్పుడు మాత్రం మళ్లీ సమానమే. డెబ్బై వేలు అవసరమైన ఆమెకు ముప్పై వేలు సరిపోక కంపెనీ దగ్గరికి పోతుంది. ముప్పై వేలు అవసరం లేని ఆమె తన వాటాను ఇంకొకరికి ఇచ్చి పైన రూపాయి మిత్తి వేసుకుంటుంది. ఇలా ఒకరి పేరు మీద ఇంకొకరు వాడుకున్న అప్పులు తేలకపోతే కిస్తీ ఆగుతుంది. కిస్తీ ఆగితే బ్యాంకు వాళ్లు సంఘం పొదుపు ఖాతాలోంచి పట్టుకుంటారు, అప్పుడు సక్రమంగా కట్టినవాళ్లు కూడా సంఘం మీద నమ్మకం పోగొట్టుకుంటారు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాపసు, పుస్తక నిర్వహణ అనే పంచసూత్రాలు గోడల మీద అందంగా ఉంటాయి. సమావేశాన్ని మాత్రం చాలాచోట్ల కిస్తీ వసూలు చేసే పావు గంటకు కుదించేశారు.

ఇక షావుకారు సంగతి. మీరు చెప్పిన ఆమెకు అప్పు ఇచ్చిన మనిషి ఉత్త మిత్తి వ్యాపారే అయ్యుంటే సంగతి సులువు. మా వైపు అయితే అప్పు ఇచ్చేది, జూన్‌లో విత్తనాలూ మందు బస్తాలూ ఉద్దెర ఇచ్చేది, పత్తి పండితే తూకం వేసి కొనేది చాలా ఊళ్లలో ఒక్కరే. పత్తి అతనికే పోయాలి, తరుగు ఎంత తీసినా అడగడానికి నోరు రాదు, క్వింటాలుకు ఎంత తక్కువ ఇచ్చాడో అది కూడా మిత్తి కిందే లెక్క. ఇప్పుడు మీరు ఆ యాభై వేలూ ఒకేసారి కట్టేశారనుకోండి. వచ్చే జూన్‌లో అతను ఉద్దెర బంద్ చేస్తాడు, ఆమె మళ్లీ రెండు కార్డులు తీస్తుంది. కాబట్టి పాత అప్పు తీర్చే ముందే వానకాలం పెట్టుబడి ఎక్కడినుంచి వస్తుందో తేల్చుకోవాలి. గ్రామ సంఘం పేరున విత్తనాలు, ఎరువులు కలిపి కొని సభ్యులకు ఇచ్చి, పత్తి అమ్మిన తర్వాత డబ్బు తీసుకునే పద్ధతి పెడితే మీరిచ్చే సొమ్ము అక్కడ నిజంగా పనికి వస్తుంది. మహిళా సంఘాల ద్వారా నడిచిన ప్రభుత్వ పేదరిక నిర్మూలన పథకం వెలుగు ప్రాజెక్టు కాలంలో గ్రామ సంఘాలు బియ్యం టోకుగా కొని సభ్యులకు వాయిదాల మీద ఇచ్చేవి. చేతికి డబ్బు ఇవ్వకపోయినా, ఆ నెల అప్పు చేయవలసిన అవసరం తప్పేది.

కిస్తీ కట్టే నెలలు కూడా చూడండి. కూలి చేసుకునే ఇంట్లో డబ్బు కనిపించేది నాట్లప్పుడు, తర్వాత అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా పత్తి ఏరే రోజుల్లో. ఖర్చు మీద పడేది జూన్‌లో, మళ్లీ బతుకమ్మకు ఆడబిడ్డలు ఇంటికి వచ్చినప్పుడు. పన్నెండు నెలలూ ఒకే కిస్తీ పెట్టినవాళ్లకు మా ఇళ్ల లెక్క తెలియదు. మీ డబ్బుతో ఏ ఏర్పాటు చేసినా ఏప్రిల్ నుంచి జూన్ దాకా కిస్తీ లేకుండా రాయించండి, పత్తి నెలల్లో రెట్టింపు పెట్టండి. కడతారు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను సార్. ఎవరికి ఎంత అప్పు ఉందో సమావేశంలో అందరి ముందూ అడగవద్దు. ఆడవాళ్లు సగం అప్పు దాచిపెట్టి చెబుతారు, కొన్ని అప్పులు భర్తకు కూడా తెలియవు. ఇంటికి వెళ్లి, కూర్చొని, ఒక పుస్తకంలో ఎవరికి, ఎంత, మిత్తి ఎంత, ఏ రోజు కట్టాలి అని రాసుకోవాలి. ఆ పుస్తకం ఊరివాళ్ల చేతుల్లో పడకూడదు. మీ కమిటీలో షావుకారు బంధువు ఒక్కరున్నా ఆమె మీకు నిజం చెప్పదు.

జవాబు: కొడంగల్ మనిషి, ప్రస్తుతం ముంబై

మా నాయనల కాలం నుంచి మేము బొంబాయిలో మట్టి పని చేస్తున్నవాళ్లం. నా అభిప్రాయం వేరు. ఎంత అప్పు తీర్చినా మళ్లీ చేస్తారు. ఆ డబ్బు పిల్లల డిప్లొమా ఫీజులకూ హాస్టల్ ఖర్చులకూ పెడితే ఒక తరం తర్వాత అప్పు అడిగే అవసరమే ఉండదు. మా తమ్ముడి పాలిటెక్నిక్ చదువుతోనే మా ఇల్లు నిలబడింది.

జవాబు: మహబూబ్‌నగర్, పరిశోధకురాలు

గ్రామీణ జీవనోపాధులపై పరిశోధన చేస్తున్నాను. పై అభిప్రాయంలో నిజం ఉంది, కానీ చదువు చేతికి వచ్చేలోగా పదేళ్లు పడుతుంది. ఆ పదేళ్లలో ఒక ఆపరేషన్ వస్తే మొదట ఆగిపోయేది పెద్ద బిడ్డ చదువే. అందుకని ఈ రెండింటినీ పోటీ పెట్టనవసరం లేదు. నేను రాయదలచుకున్నది మేకలు, గేదెలు కొనిద్దామన్న ఆలోచన గురించి.

ఇది మంచి ఆలోచనే, దీనికి ప్రపంచమంతటా పేరున్న నమూనా కూడా ఉంది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో, అతి పేద కుటుంబానికి ఒక ఆస్తిని, సాధారణంగా పశువులను ఇచ్చి, కొన్నాళ్లు తిండి ఖర్చుకు భృతి ఇస్తూ, ఇంటికి వచ్చి నేర్పే మనిషిని పెట్టి, పొదుపు అలవాటు చేసి, దాదాపు రెండేళ్ల తర్వాత పక్కకు తప్పుకుంటారు. భారత్ (పశ్చిమ బెంగాల్) సహా ఆరు దేశాల్లో జరిపిన పరీక్షల ఫలితాలు 2015లో వెలువడ్డాయి. కార్యక్రమం ముగిసి ఏడాది గడిచినా ఆ కుటుంబాల తిండీ ఆస్తులూ మెరుగ్గానే ఉన్నాయని తేలింది.

అదే నమూనాను మన పక్కనున్న మెదక్ జిల్లాలోనూ పరీక్షించారు. అక్కడ మాత్రం, సాయం అందిన కుటుంబాలకూ అందని కుటుంబాలకూ మధ్య నిలిచి ఉండే తేడా కనిపించలేదు. సాయం అందినవారు పశువులను నమ్ముకున్నారు, అందనివారు కూలికి వెళ్లారు. ఆ సంవత్సరాల్లో కూలి రేట్లు బాగా పెరగడంతో ఇద్దరూ దాదాపు ఒకచోటికే చేరారు. పథకం చెడ్డదని దీని అర్థం కాదు. గేదె దగ్గర ఉండిపోయిన మనిషి ఆ రోజు కూలి వదులుకుంటుంది, ఆ కూలి ఎంతో చూడకుండా గేదెను అంటగట్టడంలో ప్రయోజనం లేదు. మీ ఊళ్లో పత్తి ఏరడానికి మనుషులు దొరకడం లేదంటే ఆ నాలుగు నెలలూ కూలే మేలు. కూలికి వెళ్లలేని వృద్ధురాలికో ఒంటరి స్త్రీకో రెండు మేకలు నిజంగా ఆసరా అవుతాయి. మేత ఎక్కడ, పశువైద్యుడు ఎంత దూరం అన్నది కూడా కొనే ముందే చూడండి.

పాలమూరుకు ఈ విషయంలో పాత అనుభవం ఉంది. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం 1995లో దక్షిణాసియా పేదరిక నిర్మూలన ప్రాజెక్టును మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లోనే మొదలుపెట్టింది. 2000లో వచ్చిన వెలుగు మొదటి ఆరు జిల్లాల్లోనూ మహబూబ్‌నగర్ ఉంది. సంఘం, గ్రామ సంఘం, మండల సమాఖ్య అన్న అంచెలు ఇక్కడ ముప్పై ఏళ్ల దగ్గరలో వేళ్లూనాయి. మూడింటిలోనూ మీలాంటివారికి పనికివచ్చేది గ్రామ సంఘమే, ఎందుకంటే కుటుంబాల ముఖాలు తెలిసినంత దగ్గరగా ఉంటూనే సొంత బ్యాంకు ఖాతా, తీర్మానాల పుస్తకం ఉన్న అంచె అది. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వ పథకం ఇందిరా మహిళా శక్తి పేరుతో వస్తున్నవాటిలో, ఉదాహరణకు 2025లో నారాయణపేటలో మహిళా సమాఖ్య ఆధ్వర్యంలో తెరిచిన పెట్రోలు బంకు, సమాఖ్యకు ఆదాయం తెచ్చే పెద్ద ఆస్తులు. వాటి గొప్ప వాటికుంది. అయితే ఎకరంన్నర చెలక ఉన్న ఇంట్లో జూన్ నెల గడిచే మార్గం వాటితో దొరకదు, ఆ ఖాళీని పూరించగలిగింది మీ ఆరేడు లక్షల వంటి చిన్న సొమ్మే.

ప్రశ్న అడిగినవారు: దేవరకొండ టీచర్

అందరికీ ధన్యవాదాలు. వీవోఏ గారు షావుకారు గురించి రాసినది చదివాక ఊళ్లో కనుక్కుంటే, మా దగ్గరా అప్పు, ఎరువుల ఉద్దెర, పత్తి కొనుగోలు ఒక్క దుకాణం చేతిలోనే ఉన్నాయని తేలింది. సొమ్మును గ్రామ సంఘానికి తీర్మానం రాయించుకొని ఇవ్వాలని, మొదట వానకాలం పెట్టుబడికే వాడాలని మా మిత్రులకు చెప్పాను, దాదాపు ఒప్పుకున్నారు. అప్పుల పుస్తకం రాసే పనికి పక్క ఊరి వీవోఏను అడుగుతున్నాము.

ఇంకా రెండు చిక్కులున్నాయి. తండాల్లోని కుటుంబాలు కొన్ని దసరా తర్వాత ఇల్లు తాళం వేసి వలస పోతాయి. వాళ్లు ఏ సంఘంలోనూ లేరు, సమావేశాలకు రాలేరని ఎవరూ చేర్చుకోరు. రెండోది, అప్పులన్నిటి వెనుకా ఎక్కడో ఒకచోట జబ్బో చావో ఉంది. బీమా చేయిస్తే చాలని ఒక మిత్రుడు అంటున్నాడు. అది నిజంగా చేతికి అందుతుందా?

జవాబు: అచ్చంపేట, మాజీ సీసీ

టీచర్ గారూ, ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం)లో క్లస్టర్ కోఆర్డినేటర్ (సీసీ)గా పనిచేశాను, ఈ రెండూ నేను చేసిన పనులే.

వలస కుటుంబాల విషయంలో, నెలనెలా సమావేశానికి రావాలన్న నిబంధన పెడితే వాళ్లు ఎప్పటికీ సంఘంలోకి రారు. ఊళ్లో ఉండే నెలల్లోనే పొదుపు కట్టి, వలసలో ఉన్న నెలలకు కలిపి తిరిగి వచ్చాక కట్టే ప్రత్యేక సంఘాన్ని వాళ్లలో వాళ్లకే పెట్టడం మేలు. ఉన్న సంఘంలో కలిపితే మిగతావాళ్లు గొడవ పడతారు. బయలుదేరే ముందు వాళ్లను పనికి తీసుకెళ్లే మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సే వాళ్ల అసలు అప్పు. ఆ అడ్వాన్సు తీసుకునేది వానకాలం చివర్లో, ఇంట్లో గింజలు అయిపోయినప్పుడు. ఎంత రేటుకు ఎన్ని నెలలు పని చేయాలో అడ్వాన్సు రోజునే మాట అయిపోతుంది కాబట్టి, ఆ రెండు మూడు వారాలకు ఇంటికి ఐదారు వేలు చేతిలో ఉంటే మేస్త్రీతో బేరం ఆడే వీలు ఉంటుంది. నేను చూసినంతలో ఇంత తక్కువ డబ్బుతో ఇంత తేడా వచ్చేది ఇంకోటి లేదు. వలసలో సంపాదించింది ఇంటికి పంపడానికి పోస్టాఫీసు పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరిపించండి, ఊళ్లో ఉన్న ముసలివాళ్లకు పోస్ట్‌మ్యాన్ ఇంటి దగ్గరే వేలిముద్రతో డబ్బు ఇవ్వగలడు.

బీమా చేతికి అందుతుందా అంటే, కాగితాలు సరిగా ఉంటే అందుతుంది, అవి సరిగా లేకపోవడమే ఎక్కువ. బ్యాంకు ఖాతా ఉన్నవారికి రెండు కేంద్ర పథకాలున్నాయి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు, 18 నుంచి 70 ఏళ్ల వారికి. ప్రధానమంత్రి జీవన్ జ్యోతికి 436 రూపాయలు, ఏ కారణంతో చనిపోయినా రెండు లక్షలు, చేరే వయసు 18 నుంచి 50. పట్టాదారు పాసు పుస్తకం ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతుకు రాష్ట్రం ప్రీమియం కట్టే ఐదు లక్షల రైతు బీమా వేరుగా ఉంది. ఎకరంన్నర ఉన్న ఆ ఇంట్లో భూమి ఎవరి పేరున ఉందో చూడండి, చనిపోయిన మామ పేరునే ఉండిపోతే ఆ బీమా ఎవరికీ రాదు.

కేంద్ర పథకాల ప్రీమియం మే నెల చివరి వారంలో ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది, ఎందుకంటే బీమా సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది. మన దగ్గర కూలీ ఖాతా ఏడాది మొత్తంలో ఖాళీగా ఉండేది సరిగ్గా ఆ వారమే. నాలుగు వందల యాభై ఆరు రూపాయలు లేక బీమా ఆగిపోయిందన్న సంగతి ఆ ఇంటికి తెలియదు, మనిషి పోయాక బ్యాంకుకు వెళ్తే తెలుస్తుంది. ఆగిపోయాక మళ్లీ చేర్పిస్తే, ప్రమాదం కాక మరే కారణంతోనైనా మొదటి 30 రోజుల్లో చావు జరిగితే జీవన్ జ్యోతి డబ్బు రాదు. మీ సొమ్ములో చిన్న భాగాన్ని మే 20 నాటికి ఈ ఖాతాల్లో వేయించి, జూన్ మొదటి వారంలో పాసు పుస్తకాలు ప్రింట్ చేయించి కట్ అయిందో లేదో చూడండి. మీ పదో తరగతి పిల్లలకు అప్పటికి పరీక్షలు అయిపోయి ఉంటాయి, ఈ పని వాళ్లు చక్కగా చేయగలరు.

జబ్బు ఖర్చు సంగతి వేరు. ఆరోగ్యశ్రీ 2007లో ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, 2023 డిసెంబరు నుంచి పరిమితి పది లక్షలకు పెరిగింది. ఆపరేషన్ ఖర్చు అందులో పోతుంది. ఆసుపత్రిలో చేరే ముందు పరీక్షలు, హైదరాబాద్‌కు రానుపోను ఖర్చు, వెంట ఉన్న మనిషి తిండి, ఇద్దరి కూలి పోవడం మాత్రం మిగిలిపోతాయి. అత్త ఆపరేషన్ ఉచితంగానే అయి ఉండవచ్చు, అప్పు అయింది ఈ మిగతావాటికి. గ్రామ సంఘంలో ఇందుకోసం మిత్తి లేకుండా పదివేల దాకా అదే రోజు ఇచ్చే చిన్న నిధి పెట్టించండి. తీర్మానం కోసం సమావేశం దాకా ఆగమంటే ఎవరూ ఆగరు, షావుకారు రాత్రి పదింటికి కూడా ఇస్తాడు. అధ్యక్షురాలు, కార్యదర్శి ఇద్దరు సంతకం పెడితే చాలు, తీర్మానం తర్వాత రాసుకోవచ్చని నియమం రాయించండి.

చివరగా నామినీ పేరు. బ్యాంకు ఫారంలో ‘లక్ష్మమ్మ’ అని, ఆధార్‌లో ‘లచ్చమ్మ’ అని ఉన్న కేసులు నేను చూశాను. అలాంటప్పుడు అఫిడవిట్, తహసీల్దారు ధ్రువపత్రం అంటూ నెలలు గడుస్తాయి. అప్పుల పుస్తకం రాయడానికి ఇంటికి వెళ్లినప్పుడే పాసు పుస్తకం, ఆధార్, రేషన్ కార్డు మూడింటిలోనూ పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో పక్క పేజీలో రాసుకోండి. తేడా ఉన్నవాళ్లను ఒకే రోజు ఆటో మాట్లాడి మండలంలోని ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లవచ్చు.